నారింజలోని ‘న’ ఎక్కడ జారిపోయింది?

ప్రశ్న: నిన్న నారింజ తొనలు ఒలుచుకుంటూ మా మనవరాలు అడిగింది: “తాతయ్యా, నారింజ, ఆరెంజ్ ఒకేలా ఉన్నాయి. మరి ఇంగ్లీషువాళ్ల ‘న’ ఏమైంది?” నాకు జవాబు తోచలేదు. తెలిసినవారు చెప్పగలరా?

జవాబు: పాప చెవి ఎంత చురుకైనదండీ! రెండూ ఒకే మాట. సంస్కృత నారంగం పారశీకంలో నారంగ్, అరబ్బీలో నారంజ్ అయింది. స్పానిష్‌లో ‘న’ నేటికీ ఉంది. ఫ్రెంచిలో మాత్రం ముందుండే ‘ఉన్’, అంటే ‘ఒక’, దాన్ని మింగేసిందని పండితులు అంటారు. ఇంగ్లీషుకు చేరింది ఆ ‘న’ లేని మాటే.

మరో జవాబు: ఇంగ్లీషు గడ్డమీదే ‘న’ పోగొట్టుకున్న మాటలూ ఉన్నాయి. వంటింట్లో కట్టుకునే ఏప్రన్ ఒకప్పుడు న్యాప్రన్. ‘ఎ న్యాప్రన్’ అని గబగబా నాలుగుసార్లు అనండి, ‘ఆన్ ఏప్రన్’ అనే వినిపిస్తుంది. దాని చుట్టం న్యాప్‌కిన్ మాత్రం ‘న’ను వదల్లేదు. క్రికెట్ అంపైర్ కథా ఇదే. పాత ఫ్రెంచిలో ‘నోంపేర్’ అంటే జత కలవనివాడు, ఏ పక్షానికీ చెందనివాడు. నాకు ఎంతో ఇష్టమైన అర్థం ఇది.

ప్రశ్న అడిగినవారు: ఇద్దరికీ కృతజ్ఞతలు. న్యాప్రన్ సంగతి చెప్పగానే పాప వంటింట్లోకి పరుగెత్తి వాళ్ల అమ్మ చేత నాలుగుసార్లు అనిపించింది. నాలుగోసారికి ‘న’ నిజంగానే జారింది!