“వాట్స్ ద ఫ్రీక్వెన్సీ, కెన్నెత్?” ఇంతకీ ఈ కెన్నెత్ ఎవరు?

రాత్రిరేడియో:
ఆర్.ఇ.ఎం. అనే అమెరికన్ రాక్ బ్యాండ్ వాళ్ళ మాన్‌స్టర్ ఆల్బమ్‌లో (1994) మొదటి పాట ఇది. ఏళ్ళ తరబడి వింటున్నా, ఆ గిటార్ మోత మొదలవగానే ఇప్పటికీ చెయ్యి దానంతటదే వాల్యూమ్ మీదికి పోతుంది, కానీ నిజం చెప్పాలంటే మాటలు ఒక్క ముక్క అర్థం కాలేదు. కెన్నెత్ అని పేరు పలకడమే తప్ప వాడెవడో చెప్పి చావరు. ఫ్రీక్వెన్సీ అంటే రేడియోదా? టీవీలో వార్తలు చదివే ఒకాయన్ని నడిరోడ్డు మీద పట్టుకుని కొట్టారు, పాటకి మూలం అదే అని మా ఫ్రెండ్ అంటే నన్ను ఆటపట్టిస్తున్నాడనుకుని వాదన పెట్టుకున్నా. ఇంకో డౌట్ కూడా ఉంది, పాట చివరికొచ్చేసరికి స్పీడ్ తగ్గినట్టు ఉంటుంది. నా ఫైల్ పాడైందా, అందరికీ అంతేనా?

పాతక్యాసెట్:
మీ ఫ్రెండ్‌కి సారీ చెప్పండి ముందు 😀 నిజంగానే కొట్టారు. 1986 అక్టోబర్ 4 రాత్రి, న్యూయార్క్‌లో పార్క్ అవెన్యూ. సీబీఎస్ టీవీ చానెల్ ఈవెనింగ్ న్యూస్ యాంకర్ డాన్ రాదర్ నడుచుకుంటూ ఇంటికి వెళ్తుంటే ఎవడో అడ్డమొచ్చి “కెన్నెత్, ఫ్రీక్వెన్సీ ఎంత?” అన్నాడు. మీరు వెతుకుతున్న మనిషిని నేను కాదు బాబూ అని ఈయన చెప్పినా వినకుండా గుద్దులు మొదలెట్టాడు, పక్క బిల్డింగ్‌లోకి పరిగెత్తితే అక్కడికీ తరుముకొచ్చి తన్నాడు, చివరికి ఆ బిల్డింగ్ వాళ్ళే ఆయన్ని కాపాడారు. అప్పట్లో అమెరికాలో ప్రతి రాత్రీ కోట్ల మంది చూసే ముఖం అది! అలాంటి మనిషి వచ్చి నన్నిలా అడిగి మరీ కొట్టారు అంటే జనం నమ్మాలి కదా. చాలామంది నమ్మలేదు, కట్టుకథ అన్నారు. ఆ ప్రశ్న మాత్రం ఊతపదమైపోయి జోకుల్లో తిరిగింది. కొట్టినవాడి పేరు విలియం టేగర్, మతి స్థిమితం లేనివాడు. ఆర్.ఇ.ఎం. వాళ్ళు వాడి కథే పాటగా కట్టారు.

తిరగేసినసోలో:
పైన అంతా కరెక్టే, ఆఖరి మాట ఒక్కటే తప్పు. తేదీలు చూడండి. పాట వచ్చింది 1994 సెప్టెంబర్‌లో. కొట్టింది టేగర్ అని బయటపడింది 1997లో. మధ్యలో మూడేళ్ళు! అంటే పాట రాసేనాటికి ఆ మనిషి ఎవడో, ఎందుకు కొట్టాడో లోకంలో ఎవరికీ తెలియదు, పాట రాసి పాడిన మైకేల్ స్టైప్ దగ్గర ఉన్నదల్లా ఆ ఒక్క వింత వాక్యం.

ఒళ్ళు జలదరించే సంగతి ఇంకోటుంది. పాట రిలీజ్‌కి కొద్ది రోజుల ముందే, 1994 ఆగస్టు 31న, ఇదే టేగర్ ఎన్‌బీసీ టీవీ చానెల్ వాళ్ళ టుడే షో స్టూడియో బయట అక్కడ పనిచేసే ఒక స్టేజీ ఉద్యోగిని కాల్చి చంపి దొరికిపోయాడు. టీవీ చానెళ్ళు తన బుర్రలోకి సిగ్నల్స్ పంపుతున్నాయని వాడి భ్రమ, ఆ ఫ్రీక్వెన్సీ తెలిస్తే ఆపెయ్యొచ్చని ఆశ. ఒక పక్క రేడియోల్లో ఈ పాట మోగిపోతోంది, ఇంకో పక్క ఆ ప్రశ్న వేసినవాడు జైల్లో ఉన్నాడు, రెండింటినీ కలిపి చూసినవాడు లేడు. తర్వాత అతన్ని పరీక్షించిన సైకియాట్రిస్టు కలిపాడు, ఫోటో చూసి “నన్ను కొట్టింది వీడే” అని రాదర్ చెప్పాడు. కేసు పెట్టే గడువు అప్పటికే దాటిపోయింది కాబట్టి ఆ దెబ్బలకి శిక్ష పడలేదు, హత్యకే పడింది.

ఇక పాట సంగతి. స్టైప్ చెప్పినదాని ప్రకారం ఇందులో మాట్లాడేది నడివయసు దాటుతున్న ఒక మనిషి. కుర్రకారు ఏం వింటున్నారు, ఏం తొడుక్కుంటున్నారు, ఎందుకలా విసుగ్గా ఉంటారు అని పత్రికలు, టీవీ అన్నీ తిరగేసి తెగ ఆరా తీస్తాడు, చివరికి ఏమీ పట్టుబడదు. కుర్రాళ్ళ ఫ్రీక్వెన్సీ వాడికి అందదు, అంతే. అసహ్యమేసి తప్పుకోవడం వేరు, పట్టనట్టు ఉండటం వేరు అనే అర్థంలో ఒక లైన్ వస్తుందే, అది రిచర్డ్ లింక్లేటర్ సినిమా స్లాకర్ లోది, పాటలో “రిచర్డ్” అంటే ఆయనే. ఇదంతా తెలిశాక నాకు పాట ముందుకంటే జాలిగా వినిపిస్తోంది. వయసు ఎఫెక్ట్ అనుకుంటా.

బేస్‌తీగ:
మీ ఫైల్ శుభ్రంగా ఉందండీ. బేస్ వాయించే మైక్ మిల్స్‌కి రికార్డింగ్ మధ్యలో కడుపునొప్పి మొదలైంది, అపెండిసైటిస్. నొప్పికి ఆయన చెయ్యి నెమ్మదించింది, బేస్ వెనక్కి లాగుతుంటే మిగతావాళ్ళూ ఆయన వెంటే నెమ్మదించారు. ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సి వచ్చింది, ఆ టేక్ మళ్ళీ చెయ్యలేదు. ఇప్పుడైతే కంప్యూటర్లో రెండు నిమిషాల్లో సరిచేసి పారేసేవాళ్ళు, సరిచెయ్యకపోవడమే మంచిదైంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చివర్లో బేస్ ఒక్కదాన్నే పట్టుకుని వినండి, గిటార్‌ని వదిలెయ్యండి.

మధ్యలో వచ్చే గిటార్ సోలో కూడా రికార్డింగ్‌ని వెనక నుంచి ముందుకి తిరగేసి పెట్టిందే. వీడియోలో బ్యాండ్ గిటారిస్ట్ పీటర్ బక్ చేతిలో ఉన్న గిటార్ చూశారా? అది నిర్వాణా బ్యాండ్ గాయకుడు కర్ట్ కోబెయిన్ జాగ్-స్టాంగ్, ఆయన ఫెండర్ గిటార్ కంపెనీ వాళ్ళతో కలిసి డిజైన్ చేసుకున్నది. 1994 ఏప్రిల్‌లో కోబెయిన్ పోయాక ఆయన భార్య కోర్ట్నీ లవ్ దాన్ని బక్‌కి ఇచ్చింది. ఎడమచేతివాటం గిటార్, బక్‌ది కుడిచెయ్యి, అందుకే తలకిందులుగా పట్టుకుని ఉంటాడు.

పాతక్యాసెట్:
@తిరగేసినసోలో ఒప్పుకున్నా, తేదీలు చూసుకోకుండా వాగేశా. రాదర్ పగబట్టలేదు పాపం, 1995లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో సౌండ్‌చెక్ జరుగుతుంటే వెళ్ళి బ్యాండ్‌తో కలిసి ఇదే పాట పాడాడు, దాన్ని టీవీలో డేవిడ్ లెటర్‌మన్ షోలో వేశారు. తనని కొట్టేటప్పుడు అన్న మాటని తనే మైక్‌లో పాడాలంటే ఎంత గుండె కావాలి! గొంతు మాత్రం... వార్తలకే బాగుంటుంది.

రాత్రిరేడియో:
అమ్మో, ఇంత ఉందా. ఇప్పుడే హెడ్‌ఫోన్స్‌తో మూడుసార్లు విన్నా. మొదటిసారి దొరకలేదు, రెండోసారి గిటార్ మోతని పక్కనపెట్టి బేస్ వెంటే వెళ్తే దొరికింది, ఒక్కసారిగా తగ్గదు, మెట్లు ఎక్కేవాడికి ఆయాసం వచ్చినట్టు కొంచెం కొంచెంగా జారుతుంది. పాపం ఆయన నొప్పితో వాయిస్తుంటే ఇన్నాళ్ళూ నా ఫైల్‌ని తిట్టుకున్నా. ఫ్రెండ్‌కి మెసేజ్ పెట్టా, “ఒప్పుకుంటున్నా, కొట్టారు” అని. “ఎవర్ని?” అని రిప్లై వచ్చింది, వాడు మర్చిపోయినట్టున్నాడు.