బుడమేరు వరదకు గోడ ఒక్కటే మందా?

సింగ్‌నగర్ వాసి:
2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో మునిగిన ఇళ్లలో మాదీ ఒకటి. ఇప్పుడు మా వీధిలో అందరిదీ ఒకటే మాట: కట్టలు ఎత్తు చేసి గోడ కట్టేస్తే ఇక టెన్షన్ ఉండదని. బయటివాళ్లేమో ఏటి దారిలో ఇళ్లు కట్టుకోవడమే తప్పంటున్నారు. గోడ మీద నాకైతే నమ్మకం కుదరడం లేదు. మీరేమంటారు?

బెజవాడ అబ్బాయి:
గోడ కట్టాల్సిందే అండి. అప్పుడు కృష్ణ మీది ప్రకాశం బ్యారేజీకి కూడా 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. అంత వరద అంతకుముందెప్పుడూ రాలేదు. వానకు మనుషుల్ని తప్పుపడితే ఎలా? కాయకష్టం చేసి స్థలం కొనుక్కున్న పేదవాళ్లను ఎక్కడికి పొమ్మంటారు?

జి.కొండూరు రైతు:
వాన ఎక్కువే పడింది, కాదనను. కానీ నీళ్లు ఏ దారిన వచ్చాయో చూడండి. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేటిలో కలిసే ఏరు. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ (నీటిని ఆపి వదిలే గేట్లు) పెట్టి, వరదను డైవర్షన్ ఛానల్‌లోకి తిప్పి ఇబ్రహీంపట్నం వైపు కృష్ణలో కలిపారు. కృష్ణ కూడా పోటు మీద ఉంటే ఆ నీళ్లు అందులోకి దిగవు, వెనక్కి ఎగదన్నుతాయి. ఆరోజు జరిగిందదే. ఛానల్ ఎడమ కట్టకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. నీళ్లు పాత ఏటి దారిన సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేటల్లోకి దిగాయి. ఆ దారి అప్పటికే గుర్రపుడెక్కతో, చెత్తతో, ఇళ్లతో ఇరుకైపోయి ఉంది.

ఇంకో సంగతి. మా పైన కొండలు తవ్వి గ్రావెల్ తోలుతున్నారు. చెట్లున్న నేల వాన నీటిని తాగి మెల్లగా వదులుతుంది. తవ్వేసిన చోట ఒక్క జల్లు పడితే చాలు, వాగు ఎర్రగా పరుగెత్తుకొస్తుంది. ఆ మట్టంతా కింద ఏట్లో మేటవేస్తుంది.

కైకలూరు నుంచి:
అందరూ బెజవాడ దగ్గరే ఆగిపోతున్నారు. ఆ నీళ్లు చివరికి రావాల్సింది మా కొల్లేటికే. ఇక్కణ్ణుంచి సముద్రానికి పోవాలంటే ఉప్పుటేరు ఒక్కటే దిక్కు. 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది, 2006లో సరస్సులో వేసిన చేపల చెరువుల గట్లు కొట్టేశారు. తర్వాత చాలా గట్లు మళ్లీ లేచాయి. నీళ్లు పారే చోటు లేక మీ ఊరి మురుగు ఇక్కడే నిలుస్తోంది. కొర్రమీను, ఇంగిలాయి లాంటి నాటు చేపలు తగ్గిపోయాయి. చెరువుల మీద బతికేవాళ్లలో మా వాళ్లూ ఉన్నారు, అయినా ఈ మాట అనక తప్పదు.

జి.కొండూరు రైతు:
@బెజవాడ అబ్బాయి, పేదలకు వేరే చోట ఇళ్లు ఇచ్చాకే ఏటిని వెడల్పు చేయాలి, అందులో మీతో నాకు పేచీ లేదు. కొల్లేటి గట్లు అలాగే ఉంచి సింగ్‌నగర్‌లో గోడ కడితే మాత్రం, ఊరి దిగువన ఎనికేపాడు దాటాక గన్నవరం వైపు పొలాలు మునుగుతాయి. ఆ రైతులకు ఏం చెబుతారు?