ఫైలు సైజు చూపించేటప్పుడు 1024తో భాగించాలా, 1000తోనా?

కావలి_కోడర్: మాది రొయ్యల చెరువుల యాప్ అబ్బా, రైతులు ఫోటోలు పంపేముందు సైజు చూపిస్తుండాం. నా ఫంక్షన్ బైట్లని 1024తో భాగించి కేబీ, ఎంబీ చేస్తుంది, ఫోన్‌లో చూస్తే ఇంకో అంకె ఉండాది. ఏది ఉంచాల?

ఒంగోలు_గిత్త: 1024. ఇందులో అడిగేదేముంది?

పెన్నాతీరం: సొంతంగా ఎందుకు రాసినావు సామీ, ఆండ్రాయిడ్‌లో సైజుని రాసిచ్చే రెడీమేడ్ ఫంక్షన్, ఫార్మాటర్, ఉండాది గదా, 8వ వెర్షన్ నుంచి అది 1000 లెక్కే. ఐఫోన్‌లో కూడా ఫైల్ స్టైల్ పెడితే 1000, మెమరీ స్టైల్ పెడితే 1024.

ఒంగోలు_గిత్త: గూగుల్ వాడు మారిస్తే లెక్క మారిపోద్దా? 64 జీబీ పెన్‌డ్రైవ్ కొని విండోస్‌లో పెడితే 59.6 చూపించింది, షాపు వాడితో ఎంత గొడవ పడ్డానో, ఈ 1000 లెక్క అంతా అమ్ముకునేవాళ్ళ కోసం పుట్టిందే.

పెన్నాతీరం: 6,400 కోట్ల బైట్లు నీకు పూర్తిగానే ఇచ్చినాడన్నా. దాన్ని మూడుసార్లు 1024తో భాగించి పక్కన జీబీ అని రాసింది విండోస్. 1024 లెక్కకి కిబీబైట్, మెబీబైట్ అని 1998లోనే వేరే పేర్లు పెట్టినారు.

ఒంగోలు_గిత్త: చెరువు గట్టు మీదకెళ్ళి మెబీబైట్ అను, చూద్దాం.

పొదిలి_బగ్: అది సరే, 1000 లెక్కలో 9,99,999 బైట్లొస్తే 1000.0 కేబీ అంటదా, 1.0 ఎంబీ అంటదా? రౌండింగ్ అయ్యాక యూనిట్ మళ్ళీ చూసుకోవాల. యూనిట్ ఎంచుకోడానికి లాగరిథమ్ వాడితే సున్నా బైట్ల ఫైలుకి ఏమైద్దో కూడా చూడండి.

పెన్నాతీరం: ముందు ఈయన్ని తేలనీ. ఏందన్నా ఈ మొండితనం, లైబ్రరీ అంటే పడదా నీకు?

ఒంగోలు_గిత్త: పడదు! నేను రాసిన ఫంక్షన్ నన్నడక్కుండా తీసేసి మా టీమ్‌లో నీ ఫార్మాటరే పెట్టారు. 1,04,85,760 బైట్ల ఫైలు ఆండ్రాయిడ్ 7లో 10 ఎంబీ, 8లో 10.49. ఇంట్లో అన్నకొకటి తమ్ముడికొకటి చూపిస్తే ఫోన్లు చేసి తిట్టింది నన్ను, పెట్టినోణ్ణి కాదు. 1024 నా పట్టుదల కాదయ్యా, అన్ని ఫోన్లలో ఒకటే అంకె రావాల.

పెన్నాతీరం: రైతు పక్కింటోడి ఫోన్‌తో పోల్చుకోడన్నా, తన ఫోన్ సెట్టింగ్స్‌తో పోల్చుకుంటాడు. దాంతో కలవాల.

కావలి_కోడర్: మా వాళ్ళు రెండూ చేస్తారు 😀 పాత ఫోన్లు కూడా చానా ఉండాయి.

పొదిలి_బగ్: అయితే 1000తో సొంతంగా రాసుకో. ఎక్కువ ఫోన్లతో కలుస్తది, అన్నిట్లో ఒకటే వస్తది.

ఒంగోలు_గిత్త: సొంతంగా రాసుకోమనే కదా నేను మొదట్నుంచీ మొత్తుకునేది.

పెన్నాతీరం: యాడ? పైకి పోయి చదువుకోన్నా.