గట్ల మీది టేకుకు పోర్టబుల్ సామిల్లు కొంటే గిట్టుబాటవుతుందా?

సత్తుపల్లి రైతు:
మా నాన్న 1996లో పొలం గట్ల మీద పెట్టిన టేకు చెట్లు 60 దాకా ఉన్నాయి. ఛాతీ ఎత్తులో టేపు పెడితే చుట్టుకొలత 36 అంగుళాలకు అటూఇటూ వస్తోంది. కొత్త ఇంటి గుమ్మాలకు, కిటికీలకు వాటినే వాడాలని ఉంది. నిలువు చెట్టు కొనే వ్యాపారి చెప్పిన రేటు వింటే కడుపు తరుక్కుపోయింది. నాన్న బిందెలతో నీళ్లు మోసి బతికించిన చెట్లు ఇవి. పెట్రోల్ ఇంజన్‌తో నడిచే చిన్న బ్యాండ్ సా (రిబ్బన్‌లాంటి బ్లేడు తిరుగుతూ కోసే రంపం) కొని, చేలోనే కోసుకుని, మిగిలిన పలకలు అమ్ముదామని ఆలోచన. వాడినవాళ్లు ఏం చూసి కొనాలో చెప్పండి.

నార్త్ కరోలినా నుంచి:
అన్నా, నా దగ్గర అలాంటిది నాలుగేళ్లుగా ఉంది. దుంగ కదలదు, బ్లేడు ఉన్న తలను పట్టాల మీద చేత్తో నెట్టుకుంటూ పోవాలి. అందరూ హార్స్‌పవర్ అడుగుతారు గానీ నేను ముందు పట్టాలే చూస్తాను. పట్టాలు సన్నగా ఉంటే బరువైన దుంగ ఎక్కించగానే నడుమ కుంగుతాయి, పలక మందం ఒక్కో చోట ఒక్కోలా వస్తుంది.

ఈ బ్లేడు కోతకు 2 మిల్లీమీటర్ల చెక్క పొట్టవుతుంది. చైన్‌సాకు చట్రం బిగించి కోస్తే 8 దాకా పోతుంది. ఏడు కోతలకు 42 మిల్లీమీటర్ల తేడా, అంటే అంగుళం పలకలు ఒకటిన్నర! కానీ టేకులో సిలికా (ఇసుకలో ఉండే గట్టి పదార్థం) ఉంటుంది, పళ్లు త్వరగా మొద్దుబారతాయి. మొద్దు బ్లేడైనా, టెన్షన్ తగ్గిన బ్లేడైనా పలకను అలలు అలలుగా కోస్తుంది. కాబట్టి బ్లేడ్ల ఖర్చూ, పదును పెట్టించే ఖర్చూ లెక్కలో వేసుకోండి.

గట్టు చెట్లన్నారు కాబట్టి ఇంకొకటి. కంచె కోసం కొట్టిన మేకుల్ని చెట్టు మింగేస్తుంది. పోయినేడు పాత కంచె పక్కన పడిన ఓక్ చెట్టు కోస్తుంటే పలక మీద నీలి నలుపు మరక కనిపించింది. అదేంటో తెలియక ఇంకో కోత పెట్టాను. కీచుమని మోత వచ్చింది, కొత్త బ్లేడు పళ్లు ఊడిపోయాయి. లోపల ఇనుముంటే ఓక్ అలా నల్లబడుతుందట. అప్పటి నుంచి మెటల్ డిటెక్టర్ తిప్పకుండా ఏ దుంగా ఎక్కించను.

రాజమండ్రి సామిల్లు:
తమ్ముడూ, చక్రాలున్నాయి కదా లైసెన్సు అక్కర్లేదనుకోకు. సుప్రీంకోర్టులో అడవుల నరికివేత మీద నడిచిన గోదావర్మన్ కేసు ఆదేశాలొచ్చాక కొత్త సామిల్లు పర్మిషన్లు బాగా బిగుసుకున్నాయి. మిషన్‌కు అడ్వాన్సు ఇవ్వకముందే అటవీ శాఖ దగ్గర రాతపూర్వకంగా తేల్చుకో. చెట్టు కొట్టడానికి వాల్టా (నీరు, భూమి, చెట్ల చట్టం) పర్మిషన్, దుంగ బండెక్కించడానికి ట్రాన్సిట్ పర్మిట్ వేరే.

నీ సరుకెంతో కూడా చూడు. నడుమ 32 అంగుళాల చుట్టున్న 8 అడుగుల దుంగ కలప వ్యాపార లెక్కలో మూడున్నర సీఎఫ్‌టీ (ఘనపుటడుగులు). చెట్టుకు రెండేసి వచ్చినా, పై దుంగ సన్నగా ఉంటుంది కాబట్టి మొత్తం 400 దాటడం కష్టం. పైగా ఈ వయసు టేకులో చేవ చుట్టూ తెల్లచెక్క ఉంటుంది, చెద పట్టేది దానికే. అది తీసేస్తే ఇంకా తగ్గుతుంది. ఇంత సరుకుకు మిషన్ కొనొద్దు. లైసెన్సున్న మిల్లుకు తోలి, కోసేటప్పుడు దగ్గరుండి చూసుకో.

సత్తుపల్లి రైతు:
తూర్పు గట్టున 14 చెట్లకు కంచె తీగ మేకులు కొట్టింది నేనే. ఇప్పుడు చూస్తే ఒక్కటీ పైకి కనిపించడం లేదు. వాటిని విడిగా పెట్టి మిల్లువాళ్లకు ముందే చెప్తాను. గుమ్మం చెక్క 5×3 అంగుళాలు కావాలంటే ఎంత మందం కోయించాలన్నా?

రాజమండ్రి సామిల్లు:
నాలుగు వైపులా చిత్రిక పడతారు కాబట్టి మందంలోనూ వెడల్పులోనూ పావంగుళం చొప్పున ఎక్కువ కోయించు. కోశాక వెంటనే వడ్రంగికి ఇవ్వకు. నీడలో వరస వరసకు మధ్య సన్న బద్దలు పెట్టి పేర్చు, రెండు కొసలకూ పెయింట్ పుయ్యి.