బోరు నీళ్లతో కడిగిన కారు మీద తెల్ల మచ్చలు: రాకుండా ఏం చేయాలి? వచ్చినవి ఎలా పోతాయి?

ప్రశ్న (కొంపల్లి, హైదరాబాద్):

అందరికీ నమస్కారం. మాది నలుపు రంగు కారు, కొని ఏడాది దాటింది. ఆదివారాలు నేనే కడుక్కుంటాను. షాంపూ కార్ల కోసం అమ్మేదే, బట్ట కూడా మెత్తనిదే. అయినా కడిగిన గంటకల్లా బానెట్ మీద, అద్దాల మీద గుండ్రటి తెల్ల మచ్చలు తేలుతున్నాయి. తడిబట్టతో తుడిస్తే పోయినట్టే ఉంటాయి, ఆరగానే మళ్లీ కనబడతాయి. మాకు వచ్చేవి బోరు నీళ్లు. వంటింట్లో ఆర్ఓ ఫిల్టరు నుంచి బయటికి పోయే నీళ్లు వృథా కాకూడదని డ్రమ్ములో పట్టి, చివరికి ఆ నీళ్లతోనే కారు మొత్తం తొలుస్తాను. పటిక తిప్పి తేర్చిన నీళ్లు వాడితే మచ్చలు రావని పక్కింటివారు అంటున్నారు. నిజమేనా? ఇప్పటికే పడిన మచ్చలు పోయే దారి ఉందా?

జవాబు (విజయవాడ, కార్ల పెయింటింగ్, పాలిషింగ్ పని):

ముందుగా ఒక్క పని చేయండి. ఆ డ్రమ్ములో నీళ్లు కారు మీద పోయడం ఈ వారం నుంచే ఆపేయండి. ఆర్ఓ ఫిల్టరు మంచినీళ్లను ఒక పక్కకు, లవణాలను ఇంకో పక్కకు తోస్తుంది. బయటికి పోయే నీళ్లలో ఉన్నవి ఆ తోసేసిన లవణాలే. అంటే మీ బోరు నీళ్ల కంటే అవి ఇంకా ఉప్పగా ఉంటాయి. వృథా చేయకూడదన్న మీ ఆలోచన మంచిది. వాటిని బాత్‌రూము కడగడానికి, వాకిలి చల్లడానికి, కారుకే అయితే టైర్ల మీది మట్టి వదిలించడానికి వాడండి. రంగు మీద మాత్రం, అందులోనూ ఆఖరి నీళ్లుగా, వద్దే వద్దు.

ఇక మచ్చ సంగతి. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం బైకార్బొనేట్లు కరిగి ఉంటాయి. పప్పు సరిగా ఉడకకపోవడం, సబ్బు నురగ రాకపోవడం, గీజరు కాయిలుకు తెల్లటి పెచ్చు కట్టడం, అన్నిటికీ కారణం అదే. చుక్క ఆరేటప్పుడు కార్బన్ డయాక్సైడు గాలిలోకి పోతుంది, నీటిలో కరగని కాల్షియం కార్బొనేటు, అంటే సున్నపురాయి పొడి లాంటిది, రంగు మీద మిగిలిపోతుంది. మీ బానెట్ మీద ఒక మచ్చను దగ్గరగా చూడండి. నడిమధ్య పలుచగా, అంచున దట్టంగా ఉంటుంది. చుక్క అంచు ముందు ఆరుతుంది, లోపలి నీరు అంచుకు పాకుతూ తనలోని లవణాన్నీ అక్కడికే చేరుస్తుంది. తడిబట్టతో తుడిచినప్పుడు మచ్చ పోదు, తడి ఉన్నంతసేపు కనబడదు, అంతే.

భారత ప్రమాణాల సంస్థ తాగునీటి ప్రమాణంలో కాఠిన్యం (కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియంలను కాల్షియం కార్బొనేటుగా లెక్కగట్టిన అంకె) లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలని, వేరే నీటి వనరు లేనప్పుడు 600 దాకా ఒప్పుకోవచ్చని ఉంది. 600 ఉన్న నీళ్లే అనుకుందాం. కడిగిన కారు మీద గ్లాసుడు, అంటే 200 మిల్లీలీటర్ల నీళ్లు నిలిచి ఆరితే 120 మిల్లీగ్రాముల సున్నపు పొడి మిగులుతుంది. నలుపు కారు మీద అది కనబడకుండా ఎలా ఉంటుంది?

పటిక బురదను కిందికి దింపుతుంది. కరిగిపోయి ఉన్న కాల్షియాన్ని దించలేదు. కాబట్టి నీళ్లు తేటగా కనిపిస్తాయి, మచ్చలు మాత్రం అలాగే వస్తాయి. ఇంటికి ఉప్పు పోసే సాఫ్ట్‌నర్ ఉన్నవారు కూడా ఒక విషయం గమనించాలి. అది కాల్షియాన్ని తీసి సోడియం పెడుతుంది. మొత్తం లవణాలు తగ్గవు గనుక, నీటిలో కరిగి ఉన్న వాటిని కొలిచే టీడీఎస్ మీటరు దాదాపు అదే అంకె చూపిస్తుంది, మచ్చలూ పడతాయి. కాకపోతే ఆ మచ్చలు నీళ్లలో కరుగుతాయి, తడిబట్టతో నిజంగానే పోతాయి. అది పెద్ద మేలే.

కాబట్టి మీరు చూడవలసినవి రెండే. కారు మీద పడే ఆఖరి నీళ్లు ఏవి? అవి తమంతట తాము ఆరేలోపు మీరు తీసేస్తున్నారా? మిగతా జాగ్రత్తలన్నీ వీటి తరువాతే.

ఆఖరి నీళ్లకు నాకు తెలిసిన సులువైన దారి ఏసీ పైపు కింద బకెట్ పెట్టడం. గాలిలోని తేమ చల్లబడి దిగిన నీరు కాబట్టి అందులో లవణాలు దాదాపు ఉండవు. ఏసీ లోపలి దుమ్ము కొంత వస్తుంది, పలుచటి బట్టతో వడకట్టుకోండి. వర్షాకాలంలో మొదటి వాన డాబాను కడిగేశాక పట్టిన నీళ్లు కూడా అంతే మంచివి. ఒక బకెట్, కాస్త పెద్ద కారైతే బకెట్టున్నర చాలు. ఏదీ దొరకకపోతే బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ డబ్బా కొని, కనీసం బానెట్‌కు, అద్దాలకు వాడుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారు:

చాలా సంతోషం, డ్రమ్ము విషయం అస్సలు తెలియదు. ఏసీ నీళ్లు పట్టడం మొదలుపెట్టాను. ఇక కడిగే వరుస, ఆరబెట్టే పద్ధతి కూడా చెప్పగలరా?

జవాబు (విజయవాడ):

ఎండ పడని చోట, తెల్లవారుజామునే మొదలుపెట్టండి. బయట తిరిగి వచ్చిన వెంటనే కడగకండి. అరచేతి వెనుక భాగం బానెట్ మీద ఆనిస్తే చల్లగా తగలాలి. వెచ్చగా ఉన్నంతసేపు ఆగాల్సిందే. వేడి రేకు మీద చుక్క ఆరడానికి నిమిషం కూడా పట్టదు, మీరు ఎంత త్వరగా తుడిచినా దాన్ని అందుకోలేరు.

ముందు మామూలు నీళ్లతో దుమ్ము, ఇసుక పోయేదాకా తొలవండి. తరువాత రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకటి షాంపూకు, ఇంకొకటి చేతి తొడుగు జాడించడానికి. పైకప్పు నుంచి కిందికి రండి. కారు మొత్తానికి ఒకేసారి షాంపూ పట్టించవద్దు. ఒక పక్క రుద్దేసరికి రెండో పక్క నురగ ఎండిపోతుంది, ఆ చారలు ఇంకో తలనొప్పి. ఒక భాగం రుద్దడం, వెంటనే తొలవడం, తరువాతి భాగానికి వెళ్లడం. ఈలోగా తొలిచిన భాగం ఆరిపోయేలా ఉంటే మళ్లీ కాస్త తడపండి. గిన్నెలు తోమే సబ్బు, బట్టల పొడి వద్దు, అవి మైనపు పూతను ఎత్తుకుపోతాయి.

చివర తొలిచేటప్పుడు పైపుకు ఉన్న నాజిల్ తీసేయండి. తుంపరలుగా కొడితే వేల చుక్కలు నిలుస్తాయి. పైకప్పు అంచు నుంచి నెమ్మదిగా, ధారగా వదిలితే నీళ్లు ఒకదాన్నొకటి పట్టుకుని పొరలా జారిపోతాయి. కళ్ల ముందే సగానికి పైగా తడి దిగిపోవడం చూస్తారు. దాని వెనుకే ఏసీ నీళ్లు చెంబుతో అలాగే పోయండి.

ఆరబెట్టడానికి దట్టమైన పీచున్న పెద్ద మైక్రోఫైబర్ టవలు ఒకటి కొనండి. ఈ మొత్తం పనిలో డబ్బు పెట్టవలసిన వస్తువు నా దృష్టిలో అదొక్కటే. పాత పంచెలు, బనియన్లు వద్దు. అవి నీటిని పీల్చే కంటే ఎక్కువగా పక్కకు నెడతాయి, మడత కుట్లలో చిక్కిన ఇసుకరేణువు నలుపు రంగు మీద సాలెగూడు గీతలు వేస్తుంది. టవలును పైకప్పు మీద దుప్పటిలా పరిచి, రెండు మూలలు పట్టుకుని మీ వైపు లాగండి. నొక్కవద్దు, గుండ్రంగా రుద్దవద్దు. పైకప్పు, అద్దాలు, బానెట్, డిక్కీ, తరువాత తలుపులు. తలుపుల కింది అంచులకు, చక్రాలకు వేరే బట్ట.

ఇంతా చేశాక పావుగంటకు సైడు అద్దాల కింద నుంచి చారలు దిగుతాయి. అద్దాల డొప్పలో, తలుపు పిడుల వెనుక, పెట్రోలు మూతలో, నంబరు ప్లేటు చుట్టూ, వెనుక లైట్ల సందుల్లో నీళ్లు దాక్కుని ఉంటాయి. తలుపులు, డిక్కీ ఒకసారి తెరిచి అంచులు తుడవండి. వీధి చివరిదాకా నడిపి తెచ్చి, జారిన చుక్కలు మళ్లీ అద్దండి. ఈ రెండో తుడుపు మానేసేవారే ఎక్కువ.

టవలును విడిగా ఉతకండి. నూలు బట్టలతో కలిపితే వాటి నూగు అంటుకుంటుంది. బట్టలు మెత్తబడడానికి వేసే కండిషనరు పోస్తే పీచు నీళ్లు పీల్చడం మానేస్తుంది.

ఇక పాత మచ్చలు. కిరాణా కొట్లో దొరికే తెల్ల వెనిగరు, ఏసీ నీళ్లు సమానంగా కలపండి. నీడలో, చల్లటి రేకు మీద, బట్టను ఆ నీటిలో ముంచి మచ్చ మీద ఒకటి రెండు నిమిషాలు పరచండి. ఆమ్లం సున్నాన్ని కరిగిస్తుంది. తీసేసి ధారాళంగా నీళ్లు పోసి, షాంపూతో కడిగి, ఆరబెట్టండి. వెనిగరును ఆరనివ్వకూడదు. పూత లేని అల్యూమినియం చక్రాలకు, క్రోమ్ పట్టీలకు తగలనివ్వవద్దు. ముందుగా కనబడని మూలన చూసుకోండి. మైనపు పూత కూడా పోతుంది కాబట్టి తరువాత మళ్లీ వేయాలి. చింతపండు పెట్టి రుద్దమని ఎవరైనా అంటే వినకండి. దాని పీచు, నలకలు రంగును గీస్తాయి.

రెండుసార్లు చేసినా మచ్చ ఆకారం అలాగే ఉంటే అక్కడ మిగిలింది సున్నం కాదు, రంగు మీది పారదర్శక పూతలో పడిన గుంట. దానికి పాలిష్ తప్ప మార్గం లేదు. ఆ పూత సాధారణంగా 50 మైక్రాన్లకు అటూ ఇటూ, వెంట్రుక కంటే పలుచన. పాలిష్ చేసిన ప్రతిసారీ కొంత అరుగుతుంది. మచ్చ కనబడినప్పుడల్లా పాలిష్‌కు పంపవద్దని మా దగ్గరికి వచ్చేవారికి చెప్పేది అందుకే.

ప్రశ్న (గచ్చిబౌలి):

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా అపార్ట్‌మెంట్‌లో కార్లు తుడిచే అబ్బాయి తెల్లవారుజామున వచ్చి ఒకే బకెట్ బోరు నీళ్లతో అన్ని కార్లూ తుడుస్తాడు. దీనికేమైనా మార్గముందా? సిరామిక్ పూత వేయిస్తే ఈ బాధ ఉండదని షోరూములో అన్నారు.

జవాబు (విజయవాడ):

ఆ అబ్బాయిని తప్పుపట్టలేం, ఆ సమయంలో అన్ని కార్లు చేయాలంటే అతనికి వేరే దారి లేదు. మీ కారుకు మాత్రం రెండు మైక్రోఫైబర్ బట్టలు, ఒక చిన్న బకెట్ మీరే ఇవ్వండి. రోజూ తడిబట్ట వద్దని, వారానికి రెండుసార్లు సరిగ్గా కడిగి తుడిస్తే చాలని చెప్పండి. డబ్బు అంతే ఇస్తానంటే సంతోషంగా చేస్తాడు. పొడి దుమ్మును రోజూ ఈడ్చడం మచ్చల కంటే ఎక్కువ చెరుపు.

సిరామిక్ పూత మంచిదే, మురికి తేలిగ్గా వదులుతుంది. కానీ దాని మీద నీళ్లు ముత్యాల్లా నిలుస్తాయి. కదలకుండా ఆరిన ప్రతి ముత్యం తన లవణమంతా చిన్న చోటే వదులుతుంది. పూత ఉన్నా ఆరబెట్టడం తప్పదు.

మరొకరు (బెంగళూరు):

ఇక్కడి తెలుగువారికి ఒక మాట. 2024 మార్చిలో నీటి ఎద్దడి వచ్చినప్పుడు తాగునీటితో వాహనాలు కడగడాన్ని ఇక్కడి జలమండలి నిషేధించి 5,000 రూపాయల జరిమానా పెట్టింది. అప్పటి నుంచి మేము ఏసీ నీళ్లు, వాన నీళ్లు పట్టుకునే కారు కడుగుతున్నాం. మచ్చలు కూడా తగ్గాయి.

ప్రశ్న అడిగినవారు:

వెనిగరుతో బానెట్ దాదాపు శుభ్రపడింది, ధన్యవాదాలు. అయితే పైకప్పు మీద ఒక చోట గట్టి తెల్లటి మరక, చేతికి గరుకుగా తగులుతోంది, కదలడం లేదు. కారు సెల్లార్‌లో పెడతాను, పైన దూలం దగ్గర తేమ ఉంది.

జవాబు (విజయవాడ):

అది కడిగిన నీళ్ల మచ్చ కాదండీ, కాంక్రీటులోంచి కారిన సున్నపు నీరు. బోరు నీళ్ల కంటే చాలా ఘాటైన క్షారం, గాలి తగిలి రాయిలా గట్టిపడుతుంది. గోటితోనో బ్లేడుతోనో గీకితే కింది రంగు కూడా లేస్తుంది. అదే వెనిగరు నీటిలో తడిపిన బట్టను రెండేసి నిమిషాలు పరచి, మధ్యమధ్య కడుగుతూ, ఓపికగా చేయండి. పొరలు పొరలుగా మెత్తబడుతుంది. కింద రంగు కందిపోయి ఉంటే పాలిష్‌కు చూపించండి. ముందు మాత్రం కారును ఆ దూలం కింద నుంచి ఈరోజే జరపండి. వేరే చోటు లేకపోతే పైన వాటర్‌ప్రూఫింగ్ చేసేదాకా చుక్క పడే చోట రేకు ముక్కను వాలుగా కట్టించమని అసోసియేషన్‌ను అడగండి. గుడ్డ కవరు కప్పితే చాలదు, నీరు దాన్ని తడిపి రంగుకే అంటుకుని ఉంటుంది. కొత్తగా చుక్క పడినట్టు కనిపిస్తే సాయంత్రం దాకా ఆగకుండా వెంటనే నీళ్లు పోసి కడిగేయండి.