‘అతుకుల బొంత’ అంటే చిన్నచూపేనా?

ప్రశ్న: గుడ్డముక్కలు కలిపి కుట్టి నక్క, పిల్లి, గుడ్లగూబ బొమ్మలు వచ్చేలా క్విల్ట్ బ్లాకులు (బొంతలో ఒక్కో చదరపు భాగం) చేస్తుంటాను. ఆ పని గురించి తెలుగులో రాద్దామంటే ‘అతుకుల బొంత’ దగ్గర ఆగిపోతున్నాను. పొంతన లేని వ్యాసాన్ని తీసిపారేయడానికి వాడే మాట కదా! ఇంకో మాటేదైనా ఉందా?

జవాబు: ఇంకో మాట ఎందుకండీ, ఇదే సరైన మాట. అతుకునీ మాసికనీ ఒకటే అనుకోవడం వల్ల వచ్చిన చిక్కిది. చిరుగు మీద వేసేది మాసిక. దాన్నీ అతుకు అనడం ఉంది, కాదనను. కానీ అతకడం అంటే పొసగడం కూడా. ‘అబద్ధమాడినా అతికినట్టుండాలి’ అంటాం. అతుకు బాగా కుదరాలనేగా ఆ సామెత చెప్పేది!

మరో జవాబు: కుట్టేవాళ్లకి ఇది చేతికి తెలుస్తుంది. నక్క చెవినే తీసుకోండి. నారింజరంగు చదరం మూలలో తెల్లటి చిన్న చదరం పెట్టి, ఐమూలగా కుట్టి, కుట్టు అవతల పావు అంగుళం ఉంచి మిగతాది కత్తిరిస్తాం. తెల్లముక్కని వెనక్కి మడిచి ఇస్త్రీ చేస్తే చెవి వాలు వస్తుంది. రెండున్నర అంగుళాల చదరం చుట్టూ పావు అంగుళం వదిలి కుట్టాక రెండంగుళాలే కనిపిస్తుంది. ఆ పావు అంగుళం కాస్త అటూ ఇటూ అయిందా, చెవి కొస కుట్టులోకి వెళ్లిపోతుంది. ఇంత కొలతతో చేసే పనికి ‘అతుకు’ అంటే నాకు గౌరవంగానే వినిపిస్తుంది. పైగా అతుకే అక్కడ గీత. చెంప ఎక్కడ ఆగి ముక్కు ఎక్కడ మొదలైందో చెప్పేది అదే.

ప్రశ్న అడిగినవారు: మరి ఏనుగు ఆకారం కత్తిరించి వేరే గుడ్డ మీద పరిచి అంచులు కుడితే?

జవాబు: అది అప్లిక్. గుడ్డ మీద గుడ్డ కాబట్టి మాసికకి దగ్గర, చిరుగు లేదంతే. మీ నక్కలో అంచుకి అంచు కలుస్తుంది. ఒక అతుకు విప్పితే బొమ్మే రెండవుతుంది.

ప్రశ్న అడిగినవారు: అయితే ‘నక్కల అతుకుబొంత’ అనే రాస్తాను. ‘ల’ తీసి సమాసం చేస్తే ఆ తీసిపారేసే ధోరణి కూడా తగ్గినట్టుంది. బ్లాకుని ‘గడి’ అనొచ్చా?

మరో జవాబు: నిస్సందేహంగా. ‘పన్నెండు అంగుళాల గడి’ అంటే ఎవరికైనా అర్థమవుతుంది.