అప్‌డేట్: అగ్రికల్చర్ బీఎస్సీలో చేరాను, మొదటి ఏడాది అయిపోయింది

పొలం ముఖం చూడనిదాన్ని, అగ్రికల్చర్ చదవగలనా అని నిరుడు అడిగాను కదా. ధైర్యం చెప్పినవాళ్లందరికీ థాంక్స్, చేరాను.

పొలం పనులు రావన్న టెన్షన్ రెండు నెలల్లోనే పోయింది. అసలు కష్టం స్టాటిస్టిక్స్ దగ్గర వచ్చింది. రెండు మడుల దిగుబడిలో తేడా ఎరువు వల్ల వచ్చిందా, కాకతాళీయమా అని తేల్చాలంటే ఆ లెక్కలు తప్పవు. చేరబోయేవాళ్లు సెలవుల్లోనే కాస్త తిరగేసి రండి.

నాకు ప్రాణంగా మారింది మాత్రం మట్టి. తడిమట్టిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ రిబ్బనులా సాగదీస్తాం. ఎంత పొడవు సాగితే అందులో బంకమన్ను అంత ఎక్కువ. ఇసుక నేలైతే సాగనే సాగదు.

ఒకరోజు చిక్కుడు జాతి మొక్కను వేళ్లతో సహా పెకలించి, వేరు బుడిపెను బ్లేడుతో కోశాం. లోపలంతా గులాబీ రంగు! రైజోబియం బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తోందనడానికి అదే గుర్తు. ఆ రంగునిచ్చే లెగ్‌హీమోగ్లోబిన్ మన రక్తంలోని హీమోగ్లోబిన్‌కి చుట్టమేనట. ఆ బుడిపెను చాలాసేపు చేతిలోనే పట్టుకుని చూశాను.

రైతు కుటుంబాల నుంచి వచ్చిన స్నేహితులు కలుపు మొక్కల్ని చూడగానే పేరు చెప్పేస్తారు. నేనింకా పుస్తకం తిప్పాల్సిందే. వాళ్లు నాకు అవి చూపిస్తారు, నేను వాళ్లకి కెమిస్ట్రీ చెబుతాను. వచ్చే సెమిస్టర్‌లో కీటకశాస్త్రం మొదలవుతుంది.